బురద బండికి లోనా, పొదుపా?

ప్రశ్న: నా దగ్గర పాతకాలపు ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్ ఉంది. యాక్సిల్స్ డానా 44 రకం, గేర్ రేషియో 3.73 (చక్రం ఒక్కసారి తిరగడానికి యాక్సిల్‌కి వచ్చే షాఫ్ట్ 3.73 సార్లు తిరగాలి). బురదలో తిప్పడం నా సరదా. ఈ మధ్యే 31 అంగుళాల టైర్లు తీసేసి 35 అంగుళాలవి వేయించాను. అప్పటినుంచి బండి లాగడం లేదు. క్రౌన్ పినియన్లు (యాక్సిల్ లోపలి ప్రధాన గేర్లు), లాకర్ (యాక్సిల్ రెండు చక్రాలూ కలిసి తిరిగేలా చేసేది), షాఫ్టులు, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనక యాక్సిల్స్‌కు పంచేది) అన్నీ ఒకేసారి మార్చేద్దామని ఉంది. పర్సనల్ లోన్ తీసుకోనా, ఎమర్జెన్సీ ఫండ్ వాడనా? అందులో నాలుగు నెలల ఖర్చులకు సరిపడా ఉంది.

జవాబు: రెండూ వద్దు. నాలుగు నెలల ఫండ్ ఇంటికే చాలీచాలనిది, దాని మీద బండిని ఎక్కించకండి. ఇక లోన్ అంటారా, బురదలో షాఫ్ట్ విరిగిన నెల కూడా ఈఎంఐ కట్టాల్సిందే.

నిజానికి మీకు ఇప్పుడు ఆ జాబితా మొత్తం అవసరం లేదు. టైరు పెద్దదయ్యేసరికి మీ 3.73 కాస్తా 3.30లా పనిచేస్తోంది. ఇంజిన్ కష్టపడుతున్నది అందుకే. పాత లాగుడు తిరిగి రావాలంటే లెక్క ప్రకారం 4.21 కావాలి. 4.10 కాస్త తక్కువ, 4.56 కాస్త ఎక్కువ. బురదకైతే నేను 4.56 వైపే మొగ్గుతాను. అంతకన్నా మరీ పైకి పోవద్దు. రేషియో పెరిగేకొద్దీ చక్రం నెమ్మదిస్తుంది. చక్రం వేగంగా తిరిగితేనే టైరు గాడుల్లో ఇరుక్కున్న మట్టి ఎగిరిపోతుంది, లేకపోతే టైరు నున్నటి బంతిలా అయిపోతుంది.

చాలామంది బడ్జెట్ తప్పేది ఇక్కడే. వెనక రేషియో మార్చి ముందుది వదిలేయడం కుదరదు. ఫోర్ వీల్ వేయగానే రెండు యాక్సిల్స్ ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. కాబట్టి క్రౌన్ పినియన్ ఖర్చు రెండు సెట్లకు రాసుకోండి. బేరింగులు, సీళ్లు, షిమ్‌లు (సందు సరిచేసే పలుచటి రేకులు) పెట్టి సెట్ చేసే మెకానిక్ కూలీ కూడా రెండుసార్లే. కూలీ దగ్గర బేరమాడకండి. సెట్టింగ్ తప్పితే కొత్త పళ్లు కూడా అరిగిపోతాయి.

లాకర్ మాత్రం అదే పనిలో వేయించండి, ప్రస్తుతానికి వెనక ఒక్కదానికే. డానా 44లో 3.73 దాకా ఒక క్యారియర్ (క్రౌన్ గేర్‌ను బిగించే భాగం), 3.92 నుంచి వేరే క్యారియర్. అంటే 4.56కి వెళ్తే సాధారణంగా క్యారియర్ మార్చాలి. క్యారియర్‌తో కలిసి వచ్చే లాకర్ కొంటే ఆ డబ్బు ఒక్కసారే పోతుంది. ఇప్పుడు మామూలు క్యారియర్ వేసి ఏడాది తర్వాత లాకర్ కొంటే, ఆ క్యారియర్ డబ్బూ, రెండోసారి హౌసింగ్ విప్పిన కూలీ వృథా.

షాఫ్టులు, ట్రాన్స్‌ఫర్ కేసు ఆగొచ్చు. గట్టి భాగం వేసిన కొద్దీ దెబ్బ పక్కనున్న బలహీనమైన భాగం మీదికి జరుగుతుంది. ఏది విరుగుతుందో చూసి దాని మీద పెట్టండి. ముందే ఊహించి అన్నీ కొనడం నాకు నచ్చదు.

ఈ నెలలోనే చేయాల్సిన చవక పని ఒకటుంది. యాక్సిల్ బ్రీతర్లకు (లోపలికి గాలి ఆడే రంధ్రాలకు) పొడవాటి గొట్టాలు తగిలించి ఇంజిన్ గది పైదాకా తీసుకెళ్లండి. వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని సీళ్ల గుండా నీళ్లు పీలుస్తుంది. గేర్ ఆయిల్ పాల రంగులోకి మారిందా, నీళ్లు చేరినట్టే. ఆ ఆయిల్‌తో తిప్పితే కొత్త బేరింగులూ పోతాయి.

డబ్బు విషయానికొస్తే, మెకానిక్ చెప్పిన అంచనాకు 30 శాతం కలపండి. పాత బండి విప్పితే తుప్పు పట్టిన బోల్టు ఒకటైనా బయటపడుతుంది. వచ్చిన మొత్తాన్ని పది నెలలకు పంచి, వేరే ఖాతాలో నెలనెలా వేయండి. అయితే ఎమర్జెన్సీ ఫండ్ ఆరు నెలలకు చేరేదాకా బండికి సగం, ఫండ్‌కి సగం. పది నెలలు కాస్తా ఇరవై అవుతాయి, తెలుసు. అందాకా పెద్ద టైర్లు విప్పి పాతవి వేసుకుని తిరగండి, లాగుడు సమస్య ఉండదు.

బీమా కంపెనీకి ఈ మార్పులు రాతపూర్వకంగా చెప్పండి, లేకపోతే క్లెయిమ్ దగ్గర టెన్షన్. ఇందులో పెట్టిన డబ్బు అమ్మినప్పుడు తిరిగి రాదు, సరదా ఖర్చు కిందే రాసుకోండి. తీసిన పాత గేర్లు మాత్రం తుక్కుకి వేయకండి. ఆయిల్ రాసి గుడ్డలో చుట్టి దాచండి. పాతకాలపు బండి కొనేవాళ్లు మొదట అడిగేది ఒరిజినల్ పార్టులు ఉన్నాయా అనే.