‘లేవని ప్రశ్నించారు’ అనవచ్చా?

సందేహం: ఈమధ్య ఒక వార్తలో ఈ మూడు వాక్యాలు చదివాను. “పన్నులపై, ప్రజాసేవలపై ప్రతిపక్ష నేత మంత్రులను ప్రశ్నించారు. ప్రజలు పన్నులు కడుతున్నా ఆస్పత్రుల్లో మందులు లేవని ప్రశ్నించారు. యూజర్ చార్జీల పేరుతో వేసిన పన్నును రద్దు చేయాలని మంత్రులను నిలదీశారు.” ‘లేవని’ అన్నాక ‘ప్రశ్నించారు’ పొసగుతుందా? ప్రశ్నించడం, నిలదీయడం ఒకటేనా? చార్జీని పన్ను అనడం సరైనదేనా?

సమాధానం: పొసగదు. ‘మందులు లేవు’ అన్నది ప్రశ్న కాదు, ఫిర్యాదు. ‘అని’ చేర్చి ‘ప్రశ్నించారు’ అంటే ఆ ‘అని’కి ముందు ఒక ప్రశ్న ఉండి తీరాలి. ఎందుకు, ఎక్కడ, ఎంత వంటి మాటైనా ఉండాలి, లేదా క్రియ చివర ‘ఆ’ అయినా ఉండాలి. ‘మందులు ఎందుకు లేవని ప్రశ్నించారు’ అంటే పేచీ లేదు. ప్రశ్న వద్దనుకుంటే ‘మందులు లేవని విమర్శించారు’, ‘ఆక్షేపించారు’, అదీ కాకపోతే హాయిగా ‘అన్నారు’ అని రాయవచ్చు. కానీ ‘అన్నారు’ అంటే విలేకరులకు ఎందుకో మొహం మొత్తింది. ఒక పేరాలో అది రెండోసారి వస్తే చాలు, ‘పేర్కొన్నారు’, ‘స్పష్టం చేశారు’, ‘ప్రశ్నించారు’ అని వంతులవారీగా మారుస్తూ పోతారు. మార్చిన క్రియకు ముందున్న వాక్యం ఒప్పుకుంటుందో లేదో ఎవరూ చూడరు.

ఈ పొరపాటుకు మరో మూలం కూడా ఉందని నా అనుమానం. ‘అడుగు’ అనే క్రియకు రెండు అర్థాలున్నాయి. ‘ఎంత ఖర్చయిందని అడిగారు’ అంటే ప్రశ్న. ‘లెక్కలు చూపించాలని అడిగారు’ అంటే కోరిక. రెండూ మంచి తెలుగే. ‘ప్రశ్నించు’కు ఈ రెండో అర్థం లేదు. ‘అడుగు’ మరీ ఇంటి మాటలా ఉందని దాని చోట ‘ప్రశ్నించు’ను కూర్చోబెట్టేవారు, దానితో రెండు పనులూ చేయించబోతారు. ‘నిర్ణయాన్ని ప్రశ్నించారు’, ‘ఆ చట్టాన్ని కోర్టులో ప్రశ్నించారు’ అన్నప్పుడు మాత్రం అర్థం సవాలు చేయడం. అక్కడ ‘ను’ చేరిన నామం ఉంటుంది, ‘అని’ ఉండదు. ఆ వాడుక స్థిరపడింది, దానికి అభ్యంతరం చెప్పను.

ప్రశ్నార్థకమైన ‘ఆ’ గురించి ఒక హెచ్చరిక. ‘ఏమయ్యాయి అని’ అన్నదాన్ని ‘ఏమయ్యాయని’ అని కలిపి రాసినా ప్రశ్న చెక్కు చెదరదు, ‘ఏమి’ అక్కడే ఉంది కనుక. ‘ఆ’ విషయంలో అలా కాదు. “సెస్సు సొమ్మంతా విద్యకే ఖర్చు పెట్టారా అని అడిగారు” అన్న వాక్యంలో ‘పెట్టారా’, ‘అని’ విడిగానే ఉండాలి. హడావుడిలో ‘పెట్టారని’ అని కలిపేస్తే ప్రశ్న మాయమై, ఖర్చంతా సక్రమంగా జరిగిందని ప్రతిపక్షమే ఒప్పుకున్నట్టవుతుంది. మంత్రిగారికి అంతకంటే కావలసింది ఏముంటుంది!

ఇక నిలదీయడం. నడిచి వెళ్లిపోతున్న మనిషిని ఆపి, నిలబెట్టి, జవాబు చెప్పి కదలమనడం అందులోని బొమ్మ. బాకీదారును అప్పిచ్చినవాడు నిలదీస్తాడు. అంటే అడిగేవాడికి అడిగే హక్కు, ఎదుటివాడికి చెప్పవలసిన బాధ్యత ఉన్నాయన్న భావం ఆ క్రియలోనే ఉంది. ప్రశ్నించడంలో ఇదంతా లేదు. తెలియక అడిగినా అది ప్రశ్నే. అయితే నిలదీయడానికి కూడా ప్రశ్న ఉండాలి. ‘రద్దు చేయాలని నిలదీశారు’ తప్పు. ‘రద్దు చేయాలని పట్టుబట్టారు’ లేదా ‘డిమాండ్ చేశారు’ అనాలి. నిలదీశారనే రాయాలనుకుంటే ‘ఎందుకు రద్దు చేయరని నిలదీశారు’ అనండి.

చట్టసభల విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. లోక్‌సభ నియమాల ప్రకారం సభ్యులు వేసే ప్రశ్నలో వాదనలు, వ్యంగ్యోక్తులు, నిందారోపణలు, విశేషణాలు ఉండకూడదు. దానికి కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అందువల్ల కాగితం మీది ప్రశ్న ఉప్పూకారం లేకుండా ఉంటుంది. మంత్రి కూడా సిద్ధం చేసుకున్న జవాబునే చదువుతారు. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్న (సభలో నోటితో జవాబు చెప్పవలసినది) అయితే ఆ జవాబు తరువాత అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నిలదీయడం మొదలయ్యేది అక్కడే. అప్పుడు కూడా “మీరు చెప్పండి” అని మంత్రి వైపు వేలు చూపించకూడదు. “అధ్యక్షా, ఈ సొమ్ము ఏమయిందో మంత్రిగారు చెప్పాలి” అని సభాపతికి విన్నవించుకోవాలి. ఎదురుగా కూర్చున్న మనిషిని ప్రథమ పురుషలో పెట్టి నిలదీయడం ఒక విద్య. కనుక రాతపూర్వకమైన ప్రశ్నకు జవాబు వచ్చిన సందర్భంలో ‘ప్రశ్నించారు’ అనీ, అనుబంధ ప్రశ్నలతో ఊపిరి సలపనివ్వనప్పుడు ‘నిలదీశారు’ అనీ రాస్తే, చదివినవారికి సభలో ఏం జరిగిందో కూడా తెలుస్తుంది.

మీరు అడగకపోయినా ‘ఎండగట్టు’ గురించి ఒక మాట చెప్పాలనిపిస్తోంది. ‘మంత్రిని ఎండగట్టారు’ అని రాస్తున్నారు. ఈ క్రియకు కర్మగా మనిషి కంటే అతని చేతలే బాగుంటాయి: ప్రభుత్వ తీరును ఎండగట్టారు, వైఫల్యాలను ఎండగట్టారు. మనిషినే ఎండలో పెట్టిన కాలమూ ఒకటుంది. రాజుకు కట్టవలసిన 700 టంకాలు (అప్పటి నాణేలు) కట్టలేని శ్రీనాథుణ్ణి వీధిలో నిలబెట్టారని ఆయన పేరిట ప్రచారంలో ఉన్న చాటువు చెబుతుంది. “పురవీధి నెదురెండ బొగడదండ” అంటాడు. ఆ పొగడదండ సన్మానంలో వేసేది కాదు, శిక్షగా మెడకు తగిలించేది. పంటను కృష్ణ వరద పట్టుకుపోయింది, మిగిలింది పిట్టలు తిన్నాయి, “ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు” అని వాపోతాడు. బ్రిటిష్ పాలనలోని మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు బకాయిలకు రైతులను ఎండలో నిలబెట్టేవారని 1855 నాటి విచారణ సంఘం నివేదికలో కూడా ఉంది. మన ‘ఎండగట్టు’ ఈ శిక్షలోంచే పుట్టిందని నేను అనను. అప్పుడు పన్ను కట్టలేనివాడు ఎండలో నిలబడితే, ఇప్పుడు పన్ను వేసినవారి తీరు ఎండకెక్కుతోంది. నాకు నచ్చింది అంతవరకే.

చార్జీకీ పన్నుకూ ఉన్న తేడా నిఘంటువుల్లో కంటే చట్టంలో స్పష్టంగా ఉంది. చట్టం అనుమతి లేకుండా ఏ పన్నూ విధించరాదు, వసూలు చేయరాదు అని రాజ్యాంగంలోని 265వ అధికరణం చెబుతుంది. పన్ను కట్టినందుకు ఫలానా సేవ చేసిపెట్టాలని ఎవరూ లెక్క అడగలేరు. అది సాధారణ ఖజానాలో కలుస్తుంది. రుసుము అలా కాదు, చేసిన పనికి బదులుగా తీసుకునేది. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే వివరించింది. చార్జీ ఈ రెండో కోవలోనిది. సరుకుల మీద వేసేది సుంకం (సంస్కృత శుల్కమే మన నోట సుంకమైంది). భూమికి కట్టేది శిస్తు. సెస్సు ఒక ప్రత్యేక ప్రయోజనం పేరు చెప్పి వేసేది. అందుకే ప్రతిపక్షాలు ‘ఆ సొమ్ము ఎక్కడ ఖర్చు పెట్టారు’ అని అడగడానికి సెస్సు కంటే అనువైనది లేదు. పైగా కేంద్రం వసూలు చేసే సెస్సులో రాష్ట్రాలకు వాటా ఉండదు.

‘పై’ అనే ప్రత్యయం విసుగు పుట్టించేంత పెరిగింది. ‘పన్నులపై ప్రశ్నించారు’ కంటే ‘పన్నుల గురించి’ మేలు. ఆదాయపు పన్నుపై 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు వేస్తారు, ‘పై’కి అక్కడ చేతినిండా పని ఉంది.

మీరు అడగని ఇంకో చిక్కు ‘ప్రజాసేవలు’. తెలుగులో ప్రజాసేవ అంటే నాయకులు తాము చేస్తున్నామని చెప్పుకునేది. అది దయ, త్యాగం అన్న కోవలోకి వస్తుంది. నీళ్లు, ఆస్పత్రి, బడి, రోడ్డు అలాంటివి కావు, జనం సొమ్ముతో జనానికి అందవలసినవి. వాటిని పౌరసేవలు అంటే అయోమయం ఉండదు.

‘ప్రతిపక్ష నేత’ అని రాసేటప్పుడూ కాస్త జాగ్రత్త అవసరం. అది సభలో గుర్తింపు ఉన్న ఒక పదవి. పార్లమెంటులో ఆ పదవిలో ఉన్నవారి జీతభత్యాలకు 1977లో ప్రత్యేక చట్టమే చేశారు. మాట్లాడినవారు ఆ పదవిలో లేకపోతే ‘ప్రతిపక్ష సభ్యుడు’ అంటే సరిపోతుంది.

ఆ వార్తను నేనైతే ఇలా రాస్తాను: “పన్నుల గురించి, పౌరసేవల గురించి ప్రతిపక్ష నేత మంత్రులను నిలదీశారు. ప్రజలు పన్నులు కడుతున్నా ఆస్పత్రుల్లో మందులు ఎందుకు లేవని అడిగారు. యూజర్ చార్జీలను రద్దు చేయాలని పట్టుబట్టారు.”

మూడో వాక్యంలో ‘పన్ను’ను కావాలనే వదిలేశాను. చార్జీని పన్ను అనడం ప్రతిపక్షం వాదన, చార్జీ అనడం ప్రభుత్వం వాదన. ఆ నాయకుడు నిజంగా ‘పన్ను’ అనే మాటే వాడి ఉంటే, దాన్ని ఉద్ధరణ చిహ్నాల మధ్య పెట్టి ఆయన నోటనే వినిపించాలి. చిహ్నాలు లేకుండా రాస్తే, ఆ వాదనను విలేకరి తన సొంతం చేసుకున్నట్టే.