ఆకాశవాణికి ప్రభుత్వం డబ్బు పెట్టాలా? జాలరిపేట నుంచి ఒక జవాబు

ప్రభుత్వాలు అప్పులతో నెట్టుకొస్తున్న రోజుల్లో ఆకాశవాణికి, దూరదర్శన్‌కి ప్రజల సొమ్ము ఎందుకని కొందరు అడిగారు. అన్నీ ఫోన్‌లో దొరుకుతున్నాయి, అమెరికా కూడా 2025లో కోత పెట్టింది, కావాలంటే వినేవాళ్ల దగ్గరే వసూలు చేసుకోవచ్చు కదా అన్నారు. డబ్బు పెట్టాలనే నేను గట్టిగా అంటాను.

మాది విశాఖపట్నంలో పెదజాలరిపేట. నాన్న ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు నడిపే సరంగుగా పాతికేళ్లు పనిచేశారు. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీదే తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల గాలి. కరెంటు పోయింది, సెల్ టవర్లు పోయాయి. చేతిలో చార్జింగ్ ఉన్న ఫోన్ కూడా ఎందుకూ పనికిరాలేదు.

మర్నాడు చీకటి పడే వేళకి పేటలో ఒక మాట పుట్టింది. వెనకాల ఇంకో తుఫాను ఉందట, సముద్రం మళ్లీ లేస్తుందట. ఎవరన్నారో ఎవరికీ తెలీదు. కాసేపట్లోనే ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని ఎగువకి బయల్దేరారు. దారి నిండా కూలిన చెట్లు, తెగిపడిన కరెంటు తీగలు. నడవలేని పక్కింటి ముసలమ్మ గుమ్మంలో కూర్చుని నన్ను వదిలేసి పోకండర్రా అని ఏడుస్తోంది.

నాన్న అప్పుడు వేటకి తీసుకెళ్లే ట్రాన్సిస్టర్ బయటికి తీశారు. ఉప్పుగాలి తగలకుండా ఎప్పుడూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంచేవారు దాన్ని. మీడియం వేవ్‌లో ముల్లు తిప్పుతూ పోతే గరగరల మధ్య విజయవాడ పలికింది. రాత్రిపూట మీడియం వేవ్ వందల కిలోమీటర్లు వస్తుంది, ఎఫ్‌ఎం అంత దూరం రాదు. వార్తలు చదువుతున్నారు. తుఫాను బలం తగ్గి ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్లిందని చెప్పారు. నాన్న సౌండు పెంచి వీధిలోకి వచ్చి "ఎల్లిపోనాదంట! ఛత్తీస్‌గఢ్ ఎల్లిపోనాదంట!" అని కేకేశారు. బయల్దేరినవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి వచ్చి మా అరుగు చుట్టూ చేరారు.

రేడియోలో వార్తలంటే ఆకాశవాణే. మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లకి సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు, ఆకాశవాణి వార్తల్నే తిరిగి ప్రసారం చేసుకోవచ్చు, అంతే. ఆకాశవాణిని ఆపేస్తే రేడియోలో వార్త అన్నదే ఉండదు.

తుఫాను లేని రోజుల్లోనూ మా పేటకి దానితో పని ఉంది. మత్స్యకారులు వేటకి వెళ్లరాదు అన్న మాట కోసం మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని చెవులు అటే పెట్టేది. తీరం నుంచి కాస్త దూరం పోతే ఫోన్ సిగ్నల్ ఉండదు. పెద్ద బోట్లకి ఇప్పుడు వీహెచ్‌ఎఫ్ అనే వైర్‌లెస్ సెట్లు వచ్చాయి కానీ, చిన్న ఫైబర్ పడవల మీద వెళ్లే వాళ్లందరికీ అవెక్కడివి?

ఇక డబ్బు సంగతి. ఆకాశవాణిని, దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతికి కేంద్రం ఈ మధ్య ఏటా ఇస్తున్నది సుమారు 2,500 కోట్లు. వినడానికి పెద్ద మొత్తమే. 140 కోట్ల మందికి పంచి చూస్తే మనిషికి ఏడాదికి 18 రూపాయలు పడుతుంది. జర్మనీలో ఇదే పనికి ఒక్కో ఇల్లు నెలకి 18 యూరోల పైనే కడుతుంది. అమెరికాలో ఇలాంటి ప్రసారాలకి కేటాయించిన 110 కోట్ల డాలర్లు 2025 జులైలో వెనక్కి తీసుకున్న మాట నిజమే. పెద్ద నగరాల స్టేషన్లు శ్రోతల చందాలతో ఎలాగో నిలబడతాయి. అలాస్కా లాంటి చోట్ల చిన్న ఊళ్ల స్టేషన్లే ఆ సొమ్ము మీద ఎక్కువగా ఆధారపడ్డాయి. గ్రీసు 2013 జూన్‌లో, పీకలదాకా అప్పుల్లో ఉండి, తన జాతీయ ప్రసార సంస్థ ఈఆర్‌టీని రాత్రికి రాత్రి మూసేసింది. రెండేళ్లకి మళ్లీ తెరవాల్సి వచ్చింది.

ప్రభుత్వ బాకాకి మనమెందుకు కట్టాలి అని ఎవరైనా అంటే దాన్ని నేను కొట్టిపారేయను. ఎమర్జెన్సీలో ఆకాశవాణి ఎలా మాట్లాడిందో పెద్దవాళ్లకి గుర్తే. ఆ తర్వాతే ప్రభుత్వం వేసిన వర్గీస్ కమిటీ స్వతంత్ర సంస్థ కావాలని 1978లో చెప్పింది. ప్రసార భారతి చట్టం 1990లో వచ్చింది, అమల్లోకి రావడానికి 1997 దాకా పట్టింది. ఇప్పటికీ ఏటా బడ్జెట్ ముందు చెయ్యి చాచాల్సిందే, చెయ్యి చాచేవాళ్లు గట్టిగా ఎలా మాట్లాడతారు? నాలుగైదేళ్లకి ఒకేసారి మొత్తం ఖరారు చేసి, మధ్యలో ఏ మంత్రీ తగ్గించలేకుండా చట్టంలో రాయాలి. జర్మనీలో ఎంత కావాలో లెక్క తేల్చడానికి విడిగా ఒక స్వతంత్ర కమిషనే ఉంది.

కోతలకి నేను అడ్డం చెప్పను. ఇళ్లన్నీ కేబుల్‌కి, డిష్‌కి మారిపోయాక యాంటెన్నా టీవీల కోసం పెట్టిన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లని 2022కల్లా దాదాపుగా మూసేశారు, అది సరైన పనే. స్థానిక కార్యక్రమాలు తగ్గించి పై నుంచి వచ్చేది రిలే చెయ్యడం, మీడియం వేవ్‌ని పాత చింతకాయ పచ్చడిలా చూడడం మాత్రం నాకు భయం వేసే కోత. మా విశాఖ కేంద్రం 1963 నుంచి ఉంది. పాడేరు వైపు కొండల్లో ఒక మలుపు తిరిగితే ఫోన్ సిగ్నల్ ఉండదు, అక్కడి రైతుకి అతని పంట గురించి అతని యాసలో చెప్పే పని ఢిల్లీ నుంచి ఎవరు చేస్తారు? యాడ్‌లు ఇచ్చే కంపెనీకి ఆ రైతుతో పనిలేదు.

వినేవాళ్ల దగ్గరే వసూలు చెయ్యడం మనం చేసి చూసిందే. పోస్టాఫీసుకెళ్లి ఏటా రేడియో లైసెన్సు డబ్బు కట్టి స్టాంపు వేయించుకోవడం మా తాత చెప్పేవాడు. 1980లలో దాన్ని ఎత్తేశారు. మళ్లీ పెడితే ఎవరి మీద వేస్తారో నాకు అర్థం కాదు. ఆ రాత్రి మా అరుగు మీద ఇరవై మందికి పైగా వార్తలు విన్నారు. వాళ్లలో రేడియో ఉన్నది మా ఇంట్లోనే.