గొంతు నొప్పి తగ్గిపోయాక కీళ్లు ఎందుకు వాచాయి?

ప్రశ్న: మా పాపకు 11 ఏళ్లు. గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గిన మూడు వారాలకు మోకాలు వాచింది. అది తగ్గేలోపే చీలమండ వాచింది. ఒంగోలు తీసుకెళ్తే రుమాటిక్ ఫీవర్ అని చెప్పి, 21 రోజులకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించమన్నారు. క్రిములతో పోరాడే కణాలే కీళ్ల మీద పడ్డాయట. మరి అందరికీ ఇలా ఎందుకు రాదు? ఇమ్యూనిటీ పెంచే పొడి వాడమంటారా?
– ఒక తల్లి, కందుకూరు

జవాబు: అమ్మా, వాపు ఒక కీలు విడిచి మరో కీలుకు మారడం ఈ జబ్బుకు బాగా తెలిసిన గుర్తు. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ క్రిమి పైనుండే ఎం ప్రోటీన్‌కూ మన గుండె కండరంలోని మయోసిన్ అనే ప్రోటీన్‌కూ పోలిక ఉన్నందువల్ల, క్రిమి కోసం తయారైన యాంటీబాడీలు, టి కణాలు (క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు) గుండె, కీళ్ల వంటి సొంత కణజాలాన్నే శత్రువుగా పొరబడతాయి.

సొంత శరీరం మీదికి వెళ్లగల టి కణాలు ఆరోగ్యవంతుల్లోనూ కొన్ని ఉంటాయి. వాటిని నియంత్రణ టి కణాలు అదుపులో ఉంచుతాయి. పుట్టిన మూడో రోజున, టి కణాలు ఎదిగే థైమస్ గ్రంథిని తీసేసిన ఎలుక పిల్లల్లో సొంత అవయవాల మీదే దాడి మొదలవుతుందనీ, ఆరోగ్యంగా ఉన్న ఎలుకల టి కణాలు ఎక్కిస్తే ఆ దాడి ఆగుతుందనీ గమనించిన జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి, 1995లో ఆ కాపలా కణాలను గుర్తుపట్టారు. ఫాక్స్‌పి3 అనే జన్యువు చెడితే మగశిశువుల్లో మధుమేహం, ఆగని విరేచనాలు, చర్మవ్యాధి కలిసి వస్తాయని 2001లో అమెరికా శాస్త్రవేత్తలు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ బృందం చూపింది. ఆ కాపలా కణాలకు ఈ జన్యువే ప్రాణాధారమని 2003లో సకగుచి తదితరులు తేల్చారు. సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్ ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చింది.

ఇన్ఫెక్షన్ సమయంలో ఈ కణాల పని చాలా సున్నితమైనది. తోటి టి కణాలకు ఊతమిచ్చే ఐఎల్-2 అనే సంకేత ప్రోటీన్‌ను ఇవి తామే లాగేసుకుంటాయి, వాపు, మంటను చల్లార్చే ఐఎల్-10 అనే మరో సంకేత ప్రోటీన్‌ను విడుదల చేస్తాయి. అయితే మరీ బిగిస్తే క్రిమి బతికిపోతుంది. లీష్మానియా అనే పరాన్నజీవి సోకిన ఎలుకల చర్మంలో, పుండు మానిన తర్వాత కూడా కొన్ని క్రిములు మిగిలిపోవడానికి కారణం ఇవే. పోరు సాగనిస్తూనే హద్దు దాటకుండా చూడడం అందరి శరీరాల్లో ఒకేలా జరగదు. అందులో వంశపారంపర్యం పాత్ర కూడా ఉంది.

కాబట్టి పాపకు శక్తి చాలక ఈ జబ్బు రాలేదు, పొడి అవసరం లేదు. కీళ్ల నొప్పి పోయిందని ఇంజెక్షన్ మాత్రం మానవద్దని గట్టిగా చెబుతున్నాను. వాచిన కీలు మామూలైపోతుంది గానీ, గొంతు ఇన్ఫెక్షన్ మళ్లీ వచ్చి జబ్బు తిరగబెట్టిన ప్రతిసారీ గుండె కవాటాలు మరింత దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇంతవరకు ఎకో పరీక్ష (గుండె స్కానింగ్) చేయించకపోతే ఈ వారంలోనే చేయించండి.