మ్యాపులో మిగిలిన గోల్ఫ్ కోర్సు

ప్రశ్న: ఇంగ్లండులో మా అమ్మాయి ఉండే పల్లె పాత మ్యాపు చూశాను. 1900ల నాటిది. ఊరి పక్కన గోల్ఫ్ కోర్సు ఉన్నట్టు రాసి ఉంది. ఇప్పుడక్కడ గొర్రెలు మేస్తున్నాయి. ఊళ్ళో అడిగితే ఎవరికీ తెలియదన్నారు. అంత పెద్ద మైదానం ఎలా మాయమైంది? ఆనవాళ్ళేమైనా ఉంటాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ గొర్రెలు అప్పుడూ అక్కడే మేసి ఉంటాయి. 1890ల నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా బ్రిటన్ పల్లెల్లో పుట్టుకొచ్చిన క్లబ్బులు చాలావరకు తొమ్మిది హోల్స్‌వి (హోల్ అంటే బంతిని వెయ్యాల్సిన గుంట). డాక్టరు, చర్చి ఫాదరు, ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి భూస్వామి దగ్గర పచ్చిక బయలు కౌలుకు తీసుకునేవారు. గడ్డిని పొట్టిగా ఉంచే పని గొర్రెలదే. గ్రీన్‌లో, అంటే హోల్ చుట్టూ నున్నగా ఉంచే పచ్చికలో, మాత్రం అవి కాలు పెట్టకుండా చుట్టూ గుంజలు పాతి తీగ కట్టేవారు. అందుకే ఆనాటి గ్రీన్లు చాలాచోట్ల చిన్నగా, నలుచదరంగా ఉండేవి.

సొంత భూమి లేకపోవడమే ఈ క్లబ్బులను ముంచింది. కౌలు గడువు తీరాక భూస్వామి కాదంటే ఆట అక్కడితో సరి. బంతి కూడా మారిపోయింది: 1902లో స్కాట్లాండు ఆటగాడు శాండీ హెర్డ్ రబ్బరు దారం చుట్టిన హాస్కెల్ బంతితో బ్రిటిష్ ఓపెన్ పోటీ గెలిచాక అందరూ దానివైపే మొగ్గారు. అది దూరం పోయే బంతి కావడంతో పొట్టి కోర్సులు చాలకుండా పోయాయి. తర్వాత కార్లు వచ్చాయి, ఆడేవాళ్ళు పట్నం క్లబ్బులకు వెళ్ళసాగారు.

అప్పటికీ నిలిచిన వాటిలో చాలావాటిని రెండో యుద్ధం దున్నేసింది. 1939లో పచ్చిక నేల దున్నితే ప్రభుత్వం ఎకరాకు 2 పౌన్లు ఇచ్చింది. యుద్ధం మొదలయ్యాక, ఫలానా నేల దున్నాల్సిందేనని ఆదేశించే అధికారం కౌంటీ వ్యవసాయ కమిటీలకు దక్కింది. ఆకలి ముందు ఆట ఎంత, నిజమే. కానీ స్కాట్లాండులోని టర్న్‌బెర్రీ గోల్ఫ్ కోర్సును చూడండి. యుద్ధంలో విమానాశ్రయంగా మారినా, మళ్ళీ కోర్సు వేసి 1951లో తెరిచారు. దాని వెనక రైల్వే కంపెనీ ఉంది. పల్లె క్లబ్బు కోసం నిలబడేవాళ్ళేరీ? నాకు ఎప్పుడూ బాధ కలిగించేది ఇదే.

ఆనవాళ్ళ విషయానికొస్తే, నాగలి పడని చోట తప్పక వెతకండి. చలికాలం సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్ళాలి. వాలులో ఎక్కడైనా నేల ఉన్నట్టుండి చదునై, దిగువ అంచున మట్టి పోసి ఎత్తు చేసినట్టుంటే అది గ్రీనో, మొదటి దెబ్బ కొట్టే చోటైన టీయో కావచ్చు. దగ్గర్లో గిన్నెలాంటి గుంట ఉంటే బంకరేమో (బంతికి అడ్డంకిగా ఉంచే ఇసుక గుంట) చూడండి. స్కాట్లాండు జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులో బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసిన పాత మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి, ఇంగ్లండువీ ఉన్నాయి. వేర్వేరు ముద్రణలు పక్కపక్కన పెట్టుకుంటే కోర్సు ఏ కాలంలో పోయిందో తేలుతుంది. కౌంటీ రికార్డుల కార్యాలయంలో క్లబ్బు మినిట్స్ పుస్తకం (సమావేశాల్లో జరిగింది రాసుకునే పుస్తకం) గురించి కూడా అడగండి. పొలంలోకి మాత్రం రైతుకు చెప్పే వెళ్ళండి, గొర్రెలు ఈనే రోజుల్లో అసలు వద్దు.