పెరట్లోకి సీతాకోకచిలుకలు రావాలంటే

ప్రశ్న: మేడమ్, మాది గుంటూరు. పెరట్లో బంతి, మందారం వేశాను కానీ సీతాకోకచిలుకలు అలా వచ్చి ఇలా వెళ్ళిపోతున్నాయి. పైగా కరివేపాకు మొక్కని పురుగులు తినేస్తున్నాయి, ఏం మందు కొట్టాలి?

జవాబు: అయ్యో, మందు కొట్టకండమ్మా, చాలావరకు అవి సీతాకోకచిలుక పిల్లలే! కరివేపాకు, నిమ్మ ఆకుల మీద గుడ్లు పెట్టే రకాలున్నాయి, వాటి పురుగు చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది, వేలితో కదిపితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదుల్తుంది, అంతే, కుట్టదు. పువ్వుల దగ్గరికి తేనె కోసం వస్తాయి గానీ గుడ్లు పెట్టాలంటే వాటికి సరైన ఆకు ఉండాలి. అందుకే వంటకి ఒక కరివేపాకు మొక్క, వాటికి ఇంకోటి పెట్టుకోండి. ఓ మూల జిల్లేడు ఉంటే నారింజ రంగువి వస్తాయి (పాలు కంట్లో పడకుండా జాగ్రత్త), సీతాఫలం ఉన్నా మంచిదే. పువ్వులకి నూరువరహాలు బాగా ఎండ తగిలే చోట వెయ్యండి. వేపనూనె స్ప్రే కూడా వద్దు, అదీ ఈ పురుగుల్ని చంపేస్తుంది. పళ్ళెంలో తడి మట్టి పెట్టి చూడండి, ఉప్పు కోసం మగవి వచ్చి వాల్తాయి.