తొమ్మిదో తరగతి వెనక బెంచీ పిల్లల ఇళ్లకు వెళ్లవచ్చా?

చెల్లెమ్మా, మీ ప్రశ్న చదివాను. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో కొత్తగా టీచరుగా చేరారు, తొమ్మిదో తరగతి మగపిల్లలు ఖర్రా (పొగాకు, వక్క, సున్నం కలిపి నలిపింది) నములుతూ వెనక కూర్చుంటున్నారు, వాళ్లను ఎలాగైనా దారిలో పెట్టాలని ఉంది, ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లతో మాట్లాడవచ్చా అని అడిగారు. నేనూ ఆ తాలూకాలోనే, ప్రాణహిత ఒడ్డున ఒక ఊళ్లో పదకొండేళ్లు పాఠాలు చెప్పాను. తప్పకుండా వెళ్లండి. ఫిర్యాదు పట్టుకుని మాత్రం వెళ్లకండి. నేను అలా వెళ్లి ఒక పిల్లాణ్ణి పోగొట్టుకోబోయాను.

చేరిన మొదటి ఏడాది. పదిహేనేళ్ల పిల్లాడు, మొదటి పీరియడ్‌లోనే బల్ల మీద తల వాల్చేసేవాడు. జేబులో ఎప్పుడూ ప్లాస్టిక్ కవర్‌లో నలిపిన ఖర్రా పొట్లం. వాణ్ణి బాగు చేసి తీరాలని ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, మంచం మీద కూర్చుని, తండ్రికి అన్నీ చెప్పేశాను. వాడు నన్ను నమ్మి చెప్పుకున్న ఒక మాట కూడా. "మీరే నాలుగు తగిలియ్యరాదా సారూ" అన్నాడాయన. నేను వాకిలి దాటగానే ఆయనే తగిలించాడు. మర్నాడు బెంచీ ఖాళీ. మేనమామ వెంట నది దాటి భూపాలపల్లి వైపు మిర్చి ఏరడానికి పోయాడని వారం తర్వాత తెలిసింది.

ఏప్రిల్ చివర్లో వచ్చాడు. వేళ్ల కొసలు తోలు ఊడి ఎర్రగా ఉన్నాయి. కొబ్బరినూనె రాసుకుని ఊదుకుంటున్నాడు. పెన్ను ఇస్తే వేళ్లతో పట్టలేక అరచేతిలో ఇరికించుకున్నాడు. "తప్పు నాదిరా, నువ్వు చెప్పింది నేను బయటపెట్టకూడదు" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కిలోకి ఎంత, రోజుకు ఎన్ని కిలోలు, మేస్త్రీ ఎంత పట్టుకున్నాడు, దారి ఖర్చు పోను అమ్మ చేతిలో ఎంత పెట్టాడు, అంతా నోటిలెక్కన చెప్పాడు. ఆ పిల్లాడికి గుణకారం రాదని నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను! వాడికి రానిది మరాఠీలో అడిగిన లెక్క. ఇంట్లో తెలుగు, బజార్లో తెలుగు, బళ్లో మాత్రం మరాఠీ. బల్ల మీద నిద్ర ఎందుకో కూడా అప్పుడే తెలిసింది: రాత్రిళ్లు తండ్రితో కలిసి ఏట్లో వలలు వేసేవాడు.

ఆ జూన్ నుంచి రోజూ ప్రార్థనకు అరగంట ముందు బడి వేపచెట్టు కింద కూర్చున్నాను. లెక్క ముందు తెలుగులో మాట్లాడుకోవడం, తర్వాత మరాఠీలో రాయడం. నెలరోజులు ఇద్దరే వచ్చారు. నేను మాత్రం ఒక్కరోజు మానలేదు. ఈ పిల్లలకు ఉపన్యాసాలు చాలామందే ఇచ్చారమ్మా. చెప్పిన వేళకు చెప్పిన చోట రోజూ కనిపించే మనిషే దొరకలేదు.

ఖర్రా పొట్లం అందరి ముందు లాక్కోకండి. బడికి వంద గజాల లోపు పొగాకు అమ్మడం, పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు అమ్మడం 2003 చట్టం ప్రకారం నేరం. ఆ పోరు పాన్‌ఠేలా (కిళ్లీ బండి) వాడితో పెట్టుకోండి, గ్రామసభలో లేవనెత్తండి, బచత్ గట్ (పొదుపు సంఘం) ఆడవాళ్లను కలుపుకోండి. గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం ఉన్నా ఇళ్లలో విప్పసారా కాస్తూనే ఉన్నారు. దాన్ని ఊరి బయటకు తరిమిన చోట్ల ఆ పని చేసింది ఎక్కువగా ఆడవాళ్లే.

ఇంకొకటి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే. మన తొమ్మిదో తరగతి పిల్లలు సరిగ్గా ఆ గీత దాటగానే జారిపోతారు. ఎవరైనా బడి మానేస్తే 17 నంబర్ ఫారం గురించి ఇంట్లో చెప్పండి, బడికి రాకుండానే పదో తరగతి పరీక్ష రాయవచ్చు. ఇంట్లో హింస ఉందని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, చచ్చిపోతానన్న మాట వింటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి. అలాంటి సంగతులు దాచిపెడతానని మాత్రం పిల్లలకు మాటివ్వకండి. మిగతా రహస్యాలు మీ దగ్గరే ఉండనివ్వండి.

మీ ఫోన్ నంబర్ ఇవ్వాలా అనీ అడిగారు. ఇవ్వండి, ఎన్నింటి వరకు ఎత్తుతారో కూడా చెప్పండి. మా వాడు 17 నంబర్ మీదే రాశాడు, లెక్కలు రెండోసారికి గట్టెక్కాయి. ఇప్పటికీ మిర్చి రోజుల్లో అవతలి ఒడ్డు నుంచి రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తాడు. ఎనిమిదిన్నర దాటితే నేను ఎత్తనని వాడికి తెలుసు.