పక్షవాతంతో మంచాన పడిన అమ్మను ఇంట్లో చూసుకోవాలా, కేర్ హోమ్‌లో చేర్చాలా?

మీ అమ్మగారికి డెబ్బై ఆరేళ్లని, పక్షవాతంతో కుడివైపు పడిపోయిందని, ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పోసే రైల్స్ ట్యూబుతో ఇంటికి పంపుతున్నారని రాశారు. మీరు బెంగళూరులో, అన్నావదినలు గాజువాకలో. ఇల్లా, హోమా అని తేల్చుకునే ముందు, రాత్రి రెండు గంటలకు లేచి ఆమెను పక్కకు తిప్పేది ఎవరో తేల్చుకోండి. గోపాలపట్నంలో మా అత్తయ్యను మంచం మీద చూసుకున్న అనుభవంతో చెబుతున్నాను, తక్కిన నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

కదలలేని మనిషి ఒకే వైపు పడుకుని ఉంటే బరువు పడే చోట, ముఖ్యంగా నడుము కింది ఎముక, తుంటి, మడమల దగ్గర, రక్తప్రసరణ ఆగి చర్మం చెడిపోతుంది. అందుకే దాదాపు రెండు గంటలకోసారి తిప్పమంటారు. పగలు ఇంటినిండా మనుషులుంటారు కాబట్టి ఎవరో ఒకరు తిప్పుతారు. మా ఇంట్లో కష్టమంతా రాత్రిళ్లదే. గాలి పరుపు కొంటే ఇక తిప్పనక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. అది ఒత్తిడిని తగ్గిస్తుంది, అంతే. పైగా అది కరెంటుతో నడుస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటప్పుడు ఇన్వర్టరు కూడా ఎంతోసేపు ఆదుకోదు, మనిషి చేతులే దిక్కు.

మన ఉక్కపోతకు రెక్సిన్ షీటు మీద వీపు నానిపోతుంది. దాని మీద మెత్తని పాత నూలు చీర మడత పెట్టి పరచండి, తడిసిన డైపరును వెంటనే మార్చండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ, నల్లని ఒంటి మీద ఎరుపు తెలియదు. వెచ్చగా, గట్టిగా తగులుతోందేమో తడిమి చూడాలి. అక్కడ స్పిరిట్ పెట్టి రుద్దడం పాత అలవాటు, రుద్దితే ఇంకా చెడుతుంది.

ట్యూబులో ఆహారం పోసేటప్పుడు తలవైపు కనీసం 30 డిగ్రీలు ఎత్తి ఉండాలి, పోశాక గంటసేపు దించకూడదు. లేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. ట్యూబు జారినట్టు ఏ కొంచెం అనుమానం వచ్చినా పోయవద్దు, నర్సును పిలిపించండి.

నర్సు అంటే నర్సే. మాకు ఒక బ్యూరో వారు తెల్లకోటు వేసిన అమ్మాయిని నర్సని పంపారు. ఆ పిల్ల అంతకుముందు ట్యూబు ముట్టుకోనే లేదు. ఏఎన్ఎం, జీఎన్ఎం అనే నర్సింగ్ కోర్సులు చదివినవారికి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, అడిగి చూడండి. జనరల్ డ్యూటీ అసిస్టెంటు అని చిన్న కోర్సు చేసినవారు కూడా ఇప్పుడు దొరుకుతున్నారు. స్నానానికి, తిప్పడానికి, డైపర్లకు వారు చాలు. కానీ 'ఇరవై నాలుగు గంటల మనిషి' అనే ఏర్పాటును నేను ఒప్పుకోలేను. ఎక్కడో శ్రీకాకుళం పల్లె నుంచో, పాడేరు వైపు నుంచో వచ్చిన ఆడమనిషి పగలంతా చాకిరీ చేసి రాత్రంతా ఎలా మేలుకుంటుంది? పన్నెండేసి గంటలకు ఇద్దరిని పెట్టుకోండి. అంత స్తోమత లేకపోతే పగటి మనిషి కంటే రాత్రి మనిషి ముఖ్యం.

హోమ్ చూడదలిస్తే రాత్రి తొమ్మిది దాటాక వెళ్లండి. ఎంతమందికి ఒక ఆయా ఉందో అడగండి, మంచాన ఉన్నవారి ఇంటివాళ్లను కలిసి మాట్లాడండి. ట్యూబు ఉన్నవారిని చాలాచోట్ల చేర్చుకోరు, ముందే ఫోను చేసి కనుక్కోండి.

డబ్బు సంగతికి వస్తే, డెబ్బై దాటినవారికి 2024లో వచ్చిన ఆయుష్మాన్ వయ వందన కార్డు ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది. ఇంట్లో ఆయా జీతానికి, డైపర్లకు అది పనికిరాదు. జపాన్‌లో 2000 నుంచే ఇలాంటి సంరక్షణకు ప్రత్యేక బీమా ఉంది, మనకు అలాంటిది లేకపోవడం పెద్ద లోటు. అయితే పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 పింఛను ఉంది. అర్హత, వైద్య ధ్రువపత్రం సంగతి మీ వార్డు సచివాలయంలో అడగండి. వృద్ధుల సహాయానికి 14567 అనే ఉచిత నంబరు కూడా ఉంది.

మీ ప్రశ్నలో మీ వదినగారు ఏమనుకుంటున్నారో ఒక్క మాట కూడా లేదు. ఇంట్లోనే అని మీరూ మీ అన్నయ్యా అనుకుంటే, ఆ బరువు మోసేది ఎక్కువగా ఆవిడే. ముందు ఆవిడను అడగండి, ఆవిడ కాదంటే హోమ్‌లో చేర్చండి, అది అమ్మను వదిలేయడం కాదు. ఔనంటే, ఏడాదిలో కొన్ని వారాలైనా మీరు వచ్చి కూర్చుని ఆవిడను పుట్టింటికి పంపండి. డిశ్చార్జికి ముందే మీ అన్నయ్యనూ రాబోయే ఆయానూ వార్డుకు తీసుకెళ్లి, తిప్పడం, ట్యూబులో పోయడం నర్సు ఎదుటే చేయించండి. ట్యూబు మార్చాల్సిన తేదీ కాగితం మీద రాయించుకోండి.